ఎనభై దగ్గర ఆపే డబ్బా

ఆర్టీఓ ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చేసరికి గంట పడుతుంది, ఇక్కడే కూర్చో కాకా, ఏదీ ముట్టకు అని హిందీలో చెప్పి కానిస్టేబుల్ ఓంప్రకాష్ నాస్తాకు పోయాడు. సదానందం నీడ కోసం చూశాడు. ఠాణా వెనక మైదానంలో పట్టుకొచ్చిన బండ్లు తప్ప ఏమీ లేవు. ఆటోలు, మోటారు సైకిళ్లు, ఇసుకతో ఆగిపోయిన లారీ ఒకటి, లారీ పక్కన కొడుకు ఉమాకాంత్ టాక్సీ. లారీ నీడ ఆ కారు మీద పడుతోంది, నీడ కావాలంటే కారు పక్కనే కూర్చోవాలి. పది గంటల నలభై నిమిషాలు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. సంచిలో పైన కోడలు సంతోషి కట్టిచ్చిన రొట్టెలు, కింద తువ్వాలలో చుట్టిన డబ్బా. నల్లది, అరచేతిలో పట్టేంతది, దానికి రెండు వైర్లు, వైర్ల చివర రెండు కప్లర్లు, ఒక సీసం సీలు. స్పీడ్ గవర్నర్ అంటారు. టాక్సీని ఎనభై దాటనివ్వదు. నవంబరులో దాన్ని ఈ కారులోంచి తీసింది సదానందమే. ఆ సంగతి తనకు తెలుసు, ఉమాకాంత్‌కు తెలుసు, మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు ఏప్రిల్. గంటలో ఇన్‌స్పెక్టర్ వచ్చి స్టీరింగు కింద చెయ్యి పెట్టి డబ్బా కోసం చూస్తాడు. ఉంటే ఉందని రాస్తాడు, లేకపోతే లేదని రాస్తాడు. మళ్లీ పెట్టడానికి ఎంతసేపు, పది నిమిషాలు, సీలు కలపడానికి ఇంకో అయిదు. ముప్పై ఏడేళ్లు ఫిట్టర్‌గా చేసిన చేతులు. అయినా కూర్చునే ఉన్నాడు.

వకీలు చెప్పిన మాట సంతోషి ఇంటికి మోసుకొచ్చింది. సంతోషి సూరత్‌లోనే పుట్టింది, తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిచి గుజరాతీలో ముగిస్తుంది, కాని ఆ రోజు మాత్రం ఒక్కో మాట తెలుగులోనే, ఆగి ఆగి చెప్పింది. బండిలో గవర్నర్ ఉంటే అది యాక్సిడెంటు. మనిషి అడ్డం వచ్చాడు, బండి ఎనభై దాటలేదు, చిన్న సెక్షన్, బెయిలు వస్తుంది. గవర్నర్ తీసేసి ఉంటే తెలిసి చేసినట్టు, పెద్ద సెక్షన్, ఇప్పట్లో బయటికి రాడు. చెప్పి, వంటగది గడప మీద కూర్చుని మామను అడిగింది, మామా, బండిల ఆ డబ్బ ఉన్నదా, మీకు ఎర్కేనా. భార్య వెంకటవ్వ బియ్యం చాట పట్టుకుని ఆగింది. సదానందం ఉన్నదన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఉన్నదన్నాడు. సంతోషి చున్నీతో ముఖం తుడుచుకుని వకీలుకు ఫోను చేసి, హా సర్, ఛే, ఛే అని, అంటే ఉంది, ఉంది అని గుజరాతీలో చెప్పింది. ఆ రాత్రి అయిదు రోజుల తర్వాత మొదటిసారి అన్నం తిన్నది. జైలు కిటికీ దగ్గర ఆమెకు ఉమాకాంత్‌తో మాట్లాడటానికి అయిదు నిమిషాలు దొరికాయట. ఏం చెయ్యొద్దని బాపుకు చెప్పు అన్నాడట. వాళ్ల చుట్టూ వీళ్ల చుట్టూ తిరగొద్దని కాబోలు, ఎండలు కదా, బీపీ కదా. వాడు అంతే, లోపల ఉండి కూడా బయటివాళ్ల ఎండ చూస్తాడు.

కారు ముందు భాగం ఎడమవైపు లోపలికి పోయింది. అద్దం సాలెగూడు కట్టినట్టు పగిలింది. లోపల కూర్చున్నవాళ్లకు కనబడేలా అంటించిన స్టిక్కరు ఇంకా ఉంది, ఎనభై అని అంకెలు, కింద గుజరాతీలో ఒక వాక్యం. కారు కొన్న రోజున ఉమాకాంత్ దాన్ని చూపించి సంబరంగా చెప్పాడు. ఇప్పటి కార్లలో కాలి కింది పెడల్‌కూ ఇంజనుకూ మధ్య తీగ ఉండదట. ఎంత నొక్కామో ఆ లెక్క కరెంటు రూపంలో పోతుంది. డబ్బా ఆ రెంటి మధ్యన కూర్చుంటుంది. డెబ్బై తొమ్మిది దాకా విన్నది విన్నట్టు పైకి చెబుతుంది, ఎనభై రాగానే మనం నేలకు అదిమి తొక్కినా సగమే తొక్కాడని ఇంజనుకు చెబుతుంది. ఇంజను నమ్ముతుంది. అబద్ధం చెప్పే డబ్బా అన్నమాట అని సదానందం అంటే ఉమాకాంత్ నవ్వాడు. వాడికి ఆ డబ్బా నచ్చింది. బైపాసు మీదికి ఎక్కగానే కాలు నేలకు ఆనించి ఉంచేవాడు, మిగతాది డబ్బా చూసుకునేది. వెనక కూర్చున్న సేఠ్‌లు తేజ్ చలావ్, తేజ్ చలావ్, జోరుగా పోనీ అని సతాయిస్తుంటే స్టిక్కరు చూపించేవాడు. తొక్కుతున్నా సేఠ్, సర్కారు ఆపుతున్నది అనేవాడు. సేఠ్ సర్కారును తిట్టేవాడు, ఉమాకాంత్ కూడా వంత పాడేవాడు, ఇద్దరూ కలిసి సర్కారును తిట్టుకుంటూ ఎనభై మీద స్టేషనుకు చేరేవాళ్లు. ఒకరిద్దరికి రైళ్లు తప్పాయి. తప్పినా వాడి మీదికి రాలేదు.

వాడు ఎన్నడూ తియ్యమనలేదు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి సదానందం మనసు పక్కకు తిరుగుతుంది, తిరిగి అక్టోబరులో భీవండి ప్రయాణం దగ్గరికి పోతుంది, అక్కడ తనకు ఒక కారణం దొరుకుతుంది కాబట్టి. వెంకటవ్వ చెల్లెలు భీవండిలో ఉంటుంది, వాళ్లూ సాంచాల మీద బతికేవాళ్లే, మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు, అక్కడా ఇక్కడా అదే మాట. నవ్‌సారి దాటాక ముందు ట్రైలరు. ఉమాకాంత్ పక్కకు తీసి దాటబోయాడు. ట్రైలరు పొడవులో సగానికి వచ్చేసరికి కారు ఎనభై దగ్గర నిలిచింది. ట్రైలరు డెబ్బై ఎనిమిది మీదో తొమ్మిది మీదో పోతోంది. ముందుకు పోలేదు, వెనక్కి తగ్గుదామంటే వెనక బస్సు, లైట్లు కొడుతూ, హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా, అద్దంలో బస్సు తప్ప ఏమీ కనబడనంత దగ్గర. ఉమాకాంత్ కాలు నేలకు ఆని ఉంది. సదానందం కిటికీ పక్కన ట్రైలరు చక్రాలు అతని తల ఎత్తున తిరుగుతున్నాయి. వెంకటవ్వ వెనక నుంచి కొడుకు పేరు ఒకసారి పలికింది, అంతే. ఎంతసేపు అలా, నిమిషం ఉంటుందా. ట్రైలరువాడే దయతలచి తగ్గించాడు. ఉమాకాంత్ పెద్దగా ఏమీ అనుకోలేదు, ఇట్లయితది ఒక్కొక్కసారి, చూసి దాటాలె, నేనే తొందరపడిన అన్నాడు. సదానందం మాత్రం ఆ నిమిషాన్ని నవాగామ్‌లో ఇంటి దాకా మోసుకొచ్చాడు. మనిషి అడిగినప్పుడు ఇవ్వని యంత్రం ఏం యంత్రం అనుకున్నాడు. దానికి తోడు వాడకట్టు. పాన్ కొట్టు దగ్గర బుచ్చిరాములు అందరూ వినేలా, మాస్టర్, నిన్న హైవే మీద నీ కొడుకు బండిని పాల టెంపో దాటిపోయింది, టెంపోల నేనే ఉన్న, టాటా చెప్పిన, పాపం వాడు గూడ చెయ్యి ఊపిండు అన్నాడు. నవ్వారు. సదానందం కూడా నవ్వాడు. బుచ్చిరాములు ఊరుకోలేదు. సూరత్‌ల సగం సాంచాలకు స్పీడు పెంచినోడివి, ఇంట్ల బండి గిట్ల ఏంది మాస్టర్.

అది నిజం. సూరత్ ఖటోదరాలో పదిహేడేళ్ల వయసులో సాంచాల షెడ్డులోకి వచ్చాడు, ఇరవై దాటకముందే ఫిట్టర్, అందరికీ మాస్టర్. పేక పోగు తెగితే సాంచా దానంతటదే ఆగాలి, దానికి ఒక ఫోర్కు ఉంటుంది. ఫోర్కు తెగిన పోగుకు ఆపుతుంది, తెగని పోగుకు కూడా అప్పుడప్పుడు ఆపుతుంది. మీటరు లెక్కన నేసేవాడికి ఆగిన సాంచా దండగ. కొత్త నేత కారీగర్ షెడ్డులోకి వచ్చి బీడీ ముట్టించి మొదట అడిగే మాట, మాస్టర్, జర ఫోర్కు కట్టు. సదానందం దారంతో కట్టేవాడు. ఎన్ని కట్టాడు. ఆపే పనిముట్టు ఏదైనా సేఠ్‌కో సర్కారుకో పనికొచ్చేది, నేసేవాడికి అడ్డం, అది తీయగలిగినవాడే మాస్టర్. షెడ్డులో అందరూ అట్లాగే అనుకున్నారు, సూపర్‌వైజర్లు చూసి చూడనట్టు పోయారు. మోటారు పుల్లీ మార్చి నిమిషానికి నూట ముప్పై పోగులు నేసే సాంచాను నూట యాభైకి తెచ్చేవాడు. మీటరు పెట్టి చూసేవాడు కాదు, చట్రం మీద నాలుగు వేళ్లు ఆనించి చెప్పేవాడు. రాజమల్లు సాంచాకు కూడా అట్లాగే పెంచాడు. మూడో వారం, పేక పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి రాజమల్లు దవడకు తగిలింది. నాలుగు పళ్లు పోయాయి, రెండు నెలలు జావ తాగాడు. తిరిగి వచ్చిన రోజు సదానందం పాత పుల్లీ పట్టుకుని నిలబడితే రాజమల్లు వంకర దవడతో, తగ్గియ్యకు మాస్టర్, చెయ్యికి అలవాటైంది అన్నాడు. సదానందం పుల్లీని మూలకు వేశాడు. వాడు వద్దన్నాడు కదా అనుకున్నాడు. ఇరవై ఆరేళ్లు అట్లాగే అనుకున్నాడు. ఈ ఆరు రోజుల్లోనే రాజమల్లు దవడ మళ్లీ మళ్లీ కనబడుతోంది, అన్నం కలుపుతుంటే, పళ్లు తోముతుంటే.

నవంబరు తొమ్మిది, ఆదివారం. ఉమాకాంత్ ముంబై ట్రిప్పు నుంచి వచ్చి మధ్యాహ్నం పడుకున్నాడు. సదానందం తాళం తీసుకుని కారు తలుపు తెరిచి, సాంచా కిందికి దూరినట్టే స్టీరింగు కిందికి వెల్లకిలా దూరాడు. పెడల్ నుంచి వచ్చే వైరు డబ్బాలోకి, డబ్బా నుంచి వైరు లోపలికి. చిన్న పిల్లలకైనా అర్థమయ్యే పని. సీసం సీలు తీగను అతుకు వెనక, కనబడని చోట తెంపాడు. డబ్బాను పక్కకు తీసి పెడల్ కప్లర్‌ను దాని పాత చోట్లో గుచ్చాడు, టక్కుమంది. తనకు డ్రైవింగు కొద్దిగా వచ్చు, కాలువ గట్టు రోడ్డు మీద తీసుకెళ్లి తొక్కాడు. ఎనభై, ఎనభై అయిదు, తొంభై రెండు. చేతుల్లోకి షెడ్డు వచ్చింది. ఇంటికి వచ్చేసరికి ఉమాకాంత్ గడపలో ముఖం కడుక్కుంటున్నాడు.

"బండి తీసుకపోయినవా బాపు?"

"డబ్బ తీసిన. ఇగ నిన్ను ఎవడూ ఆపడు."

ఉమాకాంత్ చెంబు కింద పెట్టాడు.

"చెప్పి తియ్యకపోతివి."

"చెప్తే వద్దంటవ్."

"అంటుంటి," అన్నాడు ఉమాకాంత్.

చెంబు ఎత్తి మిగతా నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. బండి ఫిట్‌నెస్ చెకింగుకు పోయేముందు మళ్లీ పెట్టమన్నాడు, అది కూడా తర్వాతెప్పుడో. తండ్రి చేసిన పనిని తిరగేయమనడం వాడి నోట రాదు. సదానందానికి అది ఒప్పుకోలుగానే కనబడింది. కాని జనవరిలో ఒకనాడు, చాయ్ తాగుతూ, ఎవరితోనో కాకుండా గోడతో చెప్పినట్టు అన్నాడు. ఇంతకుముందు కాలు కింద పెడితే అయిపోయేది, ఇప్పుడు ఎంత తొక్కాల్నో ప్రతి నిమిషం నేనే చూసుకోవాలె. వెనకోడు తేజ్ అంటడు, స్టిక్కరు చూపిస్తే నవ్వుతడు, మొన్న నూరు మీద పోయినవ్ గదా అంటడు. ఎవడికి ఏం చెప్పాలె. సదానందం ఆ మాట విన్నాడు. విని, నేర్చుకుంటాడులే అనుకున్నాడు. షెడ్డులో కొత్తవాళ్లకు నూట యాభై అలవాటు కావడానికి నెల పట్టేది. లేచి పోయి డబ్బా మళ్లీ పెట్టాల్సిన సాయంత్రం అదే. అది పాత నాడెల పక్కన, బిస్కెట్ల రేకు డబ్బాలో, మంచం కింద ఉంది. చెయ్యి చాపితే అందేది. చాయ్ అయిపోయింది, వాడు లేచాడు, బండి స్టార్టయిన చప్పుడు వినబడింది.

పదకొండు దాటింది. గేటు దగ్గర ఎవరూ లేరు. కారు వెనక చక్రం దగ్గర ఒక సైకిల్ పడి ఉంది, ముందు చక్రం ఎనిమిది అంకెలా వంగింది, హ్యాండిల్‌కు అట్టముక్క కట్టి దాని మీద కేసు నెంబరు, కింద గుజరాతీలో పేరు. భాగీరథి. మొదటి రోజు ఆ పేరు విని ఆడమనిషి అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది, గంజాం నుంచి వచ్చే ఒడియా వాళ్లు మగవాళ్లకు కూడా ఆ పేరు పెట్టుకుంటారు, షెడ్డులో ఇద్దరు భాగీరథులు ఉండేవాళ్లు. ఈ భాగీరథి సచిన్ పారిశ్రామికవాడలో సాంచాల మీద రాత్రి పాళీ చేసి, తెల్లవారి అయిదూ యాభైకి, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. వెనక క్యారేజీ మీద చీరల మూట, ఇంట్లో కూర్చుని అంచు దారాలు కత్తిరించే పని, పాళీ అయ్యాక కూడా పని. ఉమాకాంత్ బండిలో చీరల వ్యాపారి, పర్వత్ పాటియాలో ఎక్కాడు, విమానం ఆరూ నలభైకి. బండి చాలా తేజ్‌గా ఉండింది సాబ్, నేను మెల్లగా అన్నాను అని ఆ వ్యాపారి పోలీసులకు చెప్పాడట. అన్నాడో లేదో. బ్రేకు గుర్తులు నలభై రెండు అడుగులు. పోలీసులు టేపు పెట్టి కొలిచారు. ఎనభై మీద ఉండి ఉంటే ఎన్ని అడుగులు, మనిషికి ఒక్క అడుగు వేసే టైము దొరికేదా, రెండు అడుగులు, సైకిల్ వదిలేసి దూకేవాడా. సైకిల్ వదలడు. మూట ఉంది కదా దాని మీద.

ఆ రోజు ఆసుపత్రి గేటు దగ్గర భాగీరథి తమ్ముడు సదానందాన్నే అడిగాడు. శవం కాగితం ఎక్కడ రాయిస్తారు చాచా అని. ఎవరో తెలియదు, తెల్ల గడ్డం చూసి అడిగాడు. సదానందం కిటికీ చూపించాడు, లైనులో తనూ పక్కన నిలబడ్డాడు, పెన్ను ఇచ్చాడు. ఆ పిల్లవాడు పేరు రాసి, వయసు దగ్గర ఆగి, ముప్పై ఒకటా ముప్పై రెండా అని తనలో తాను లెక్క వేసుకున్నాడు. పెన్ను తిరిగి ఇచ్చి చేతులు జోడించాడు. గుద్దింది నా కొడుకే అని తను చెప్పలేదు. డబ్బా తీసింది నేనే అని అసలు చెప్పలేదు. ఇప్పుడు డబ్బా పెడితే ఏమవుతుంది, బండి ఎనభై దాటలేదని కాగితం మీదికి వస్తుంది, దాటనప్పుడు తప్పు ఎవరిది, చూసుకోకుండా రోడ్డు దాటినవాడిది. ముప్పై ఒకటో ముప్పై రెండో. వాడిది తప్పని గంజాంలో వాళ్ల ఇంటికి ఒక కాగితం పోతుంది. పెట్టకపోతే ఉమాకాంత్. పెట్టకుండా గేటు దాటి ఠాణాలోకి పోయి నేనే తీసినానని చెబితే. చెప్పవచ్చు. ఆరు రోజులుగా చెప్పవచ్చు. వెంకటవ్వ ఏమంటుంది, సంతోషి ఏమంటుంది, ఉన్నది ఉన్నది అని రెండుసార్లు చెప్పాడు కదా. నిజం చెప్పడానికి ఠాణా దాకా పోవాలి, అబద్ధాన్ని నిజం చేయడానికి రెండడుగులు. తలుపు తాళం పడదు, యాక్సిడెంటులో వంగిపోయింది.

సంచి తీసుకుని లేచాడు. తలుపు మోకాలితో నెట్టి, సీటు వెనక్కి జరిపి, లోపలికి దూరాడు. అద్దం ముక్కలు వీపుకు గుచ్చుకున్నాయి. కప్లర్ చేతికి అందింది, చెమటకు జారింది, రెండోసారికి ఊడి వచ్చింది. డబ్బాను మధ్యలోకి తెచ్చాడు, పెడల్ వైపుది ముందు, ఇంజను వైపుది తర్వాత, టక్కు, టక్కు. సీలు తీగ తెగిన కొసలను పడుగు పోగులు ముడేసినట్టు వేళ్లతోనే కలిపి, మెలికను సీసం వెనక్కి తోసి, జేబులోని పట్టకారుతో అదిమాడు. కళ్లద్దాలు లేకపోయినా వేళ్లకు తెలుస్తోంది, అతుకు బయటికి లేదు. డబ్బా మీది దుమ్ము తక్కువగా ఉందని తోచి కాళ్ల కింది మట్టి తీసి రుద్దాడు. ఈ పని తను ఎంత బాగా చేస్తున్నాడో గమనించాడు. గమనించి అసహ్యం వేసింది, చేతులు మాత్రం ఆగలేదు. బయటికి వచ్చి చొక్కా దులిపి, లారీ నీడలో అంతకుముందు కూర్చున్న చోటనే కూర్చున్నాడు. పదకొండూ ఇరవై అయిదు. రొట్టెల గిన్నె మూత తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, తింటున్న మనిషిలా కనబడాలని.

ఓంప్రకాష్ ఇన్‌స్పెక్టర్ కంటే రెండు నిమిషాల ముందు ఉరికొచ్చాడు, మీసాలకు జిలేబీ పాకం. ఇన్‌స్పెక్టర్ వయసు మళ్లినవాడు, తొందర లేనివాడు. వెంట ఒక కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని. టైర్లు చూశారు, బ్రేకులు చూశారు, ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి స్టీరింగు కిందికి వంగి చాలాసేపు చూసి, గవర్నర్ ఉంది అన్నాడు. సీలు ఉంది అన్నాడు. సదానందం రొట్టె మింగాడు. అప్పుడు కుర్రాడు ఒక కేబుల్ తీసి డబ్బా పక్కన ఉన్న రంధ్రంలో గుచ్చాడు. ఆ రంధ్రాన్ని సదానందం నవంబరులో చూశాడు, ఇవాళ కూడా చూశాడు, నీళ్లు పోవడానికి కాబోలు అనుకున్నాడు. సాంచాకు జ్ఞాపకం ఉండదు. పుల్లీ తీసి మళ్లీ పెడితే తీసినట్టు ఏ సాంచా చెప్పదు, దారం విప్పితే ఫోర్కు ఫోర్కే. ముప్పై ఏడేళ్లు అతను నోరు లేని యంత్రాలతోనే పనిచేశాడు. కుర్రాడు తెర మీద చూస్తూ చదివాడు. చివరిసారి కరెంటు వచ్చింది నవంబరు తొమ్మిది, మధ్యాహ్నం రెండూ పది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ డబ్బాకు మనిషి చచ్చిపోయిన సంగతి తెలియదు అన్నాడు.

ఫైలు అడిగి తీసుకుని, లారీ బంపరు మీద పెట్టి, కాగితాలు తిప్పి, ఒక చోట ఆగాడు. ఇదేమిటి మరి అని ఓంప్రకాష్‌కు చూపించాడు. ఓంప్రకాష్ పైకి చదివాడు, డ్రైవర్ ఉమాకాంత్ సదానందం వాంగ్మూలం, మూడో రోజున తీసుకున్నది. గవర్నర్‌ను నవంబరులో నేనే తీశాను. తీసి డిండోలీ కాలువలో పారేశాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాన్నకు తెలియదు.

చదువుతున్నది హిందీలో, ఆ మాటలు మాత్రం వాడి గొంతుతో వినబడ్డాయి. సదానందం లేచి నిలబడ్డాడు. ఒళ్లో ఉన్న మూత కింద పడి దొర్లింది. హిందీ నోట్లోకి రాలేదు, ముందు తెలుగే వచ్చింది.

"నేనే తీసిన. ఇప్పుడు పెట్టింది గూడ నేనే."

మళ్లీ హిందీలో చెప్పాడు, తీసింది నేనే సాబ్, ఇప్పుడు ఈ గంటలో మళ్లీ పెట్టింది కూడా నేనే, వాడు పారెయ్యలేదు, నా మంచం కింద ఉండింది, కావాలంటే సీలు తిప్పి చూడండి, అతుకు ఉంది. ఇన్‌స్పెక్టర్ అతన్ని చూశాడు, తర్వాత ఓంప్రకాష్‌ను చూశాడు. ఈయన ఇక్కడ ఒంటరిగా ఉన్నాడా అని అడిగాడు. ఓంప్రకాష్ ముఖంలో ఏ మార్పూ లేదు. లేదు సాబ్, నేను పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాను, బండిని ఎవరూ ముట్టలేదు, తండ్రి కదా సాబ్, ఏదో ఒకటి అంటాడు. నువ్వు నాస్తాకు పోయినవు అన్నాడు సదానందం. ఓంప్రకాష్ అతని వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు. నేను బండిని చూస్తాను, మనుషుల మాటలు ఠాణాలో రాయించుకో అన్నాడు. ఠాణాలో కేసు చూసే సాబ్ బందోబస్తుకు పోయాడు, రెండు రోజులు రాడు అన్నాడు ఓంప్రకాష్. ఇన్‌స్పెక్టర్ రాశాడు, సదానందం చూస్తుండగానే, గుజరాతీ అక్షరాలు ఒక్కొక్కటి. గవర్నర్ వాహనంలోనే ఉంది. సీలు ఉంది. నవంబరు నుంచి పనిచేయడం లేదు. పారేశానన్న డ్రైవర్ వాంగ్మూలం అబద్ధం. కుర్రాడు డబ్బాకు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాడు, సీలును ముందు నుంచి మాత్రమే.

వాళ్లు పోయాక ఓంప్రకాష్ గేటు దాకా అతనితో నడిచాడు. కోపంగా లేడు. నాకూ ఇద్దరు పిల్లలు కాకా, నౌకరీ పోతుంది అన్నాడు. సదానందం ఇక ఏమవుతుందని అడిగాడు. ఓంప్రకాష్ గేటు గొలుసు చుడుతూ చెప్పాడు. మీవాణ్ణి మళ్లీ పోలీసు రిమాండుకు తెచ్చి అడుగుతారు, కాలువలో వేసిన డబ్బా బండిలోకి ఎట్లా వచ్చిందో మీవాడు చెప్పాలి.

"వానికి తెల్వది."

"చెప్పేదాకా అడుగుతారు," అన్నాడు ఓంప్రకాష్.

రోడ్డు మీద సంతోషి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. సదానందం తీయలేదు. వాడికి తెలియదు. మొదటి రోజు తెలియదనే చెబుతాడు. ఆ తర్వాత, డబ్బా బండిలోకి వచ్చిందంటే ఎవరి చేతుల మీదుగా వచ్చి ఉంటుందో వాడికి తడుతుంది, ఆ పని చేయగలిగినవాళ్లు ఇంట్లో ఒక్కరే. తట్టిన తర్వాత ఇక వాడు నోరు తెరవడు.